మట్టికి నువ్వేం చేసినావు?

ప్రశ్న: నమస్తే సార్. మాది బేతంచెర్ల దగ్గర పల్లె. మా నాయన ఇరవై ఏండ్లుగా పల్వరైజింగ్ మిల్లు నడుపుతున్నాడు. ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు) రాయి కొని పిండి పట్టి, జల్లించి, 25 కిలోల సంచుల్లో అమ్ముతాం. అందులోనే కొంత బట్టీలో కాల్చి ఎర్రగా చేసి అమ్ముతాం. సిమెంటు టైల్స్ చేసేవాళ్ళ కోసం మూడో రకం ఒకటుంది. ఓకర్‌లో బయట కొన్న సింథటిక్ ఐరన్ ఆక్సైడ్, రంగు తేలడానికి చిటికెడు ఆర్గానిక్ పిగ్మెంట్ కలుపుతాం. ఇన్నాళ్ళూ సరుకంతా హైదరాబాదు, చెన్నై వ్యాపారులకే పోయింది. ఇప్పుడు దుబాయ్ ఆయన ఒకరు మూడు రకాలూ కలిపి ఒక కంటైనర్ అడిగినాడు. ఇన్వాయిస్ మీద సరుకు పేరు, కస్టమ్స్ వాళ్ళ నంబరు రాయాల కదా, “ప్రిపేర్డ్ పిగ్మెంట్స్, 3207” అని రాయమంటాడు. చెన్నై ఏజెంటు అన్నిటికీ 3206 వేద్దాం, ఎవరూ అడగరు అంటాడు. పక్క మిల్లు ఆయన అంతా 2530 అంటాడు. మా నాయనేమో “అంతా మట్టే కదమ్మా, ఏదో ఒకటి రాసెయ్” అంటాడు. బీకాం చదివి మిల్లు లెక్కలు చూస్తున్నా. ఏ నంబరు రాయాల?
— ఒక పాఠకురాలు, బేతంచెర్ల

సమాధానం: అమ్మా, నీకు ముగ్గురు మూడు నంబర్లు చెప్పినారు. అందులో ఇద్దరిది సగం సగం సరి, ఒకరిది పూర్తిగా తప్పు. ఆ పూర్తిగా తప్పినాయనే డబ్బిచ్చే ఆయన కావడం నీకొచ్చిన చిక్కు.

మీ నాయన మాట కూడా తీసిపారేసేది కాదు. అంతా మట్టే, నిజమే. అయితే టారిఫ్ పుస్తకం, అంటే ఏ సరుకుకు ఏ నంబరో చెప్పే కస్టమ్స్ పుస్తకం, మట్టిని ఊరూ పేరూ అడగదు. నీకేం చేసినారు, నీలో ఏం కలిపినారు అని అడుగుతుంది. జల్లించినారా, కాల్చినారా, ఇంకోటి కలిపినారా, నూనెలో నూరినారా, పొట్లం కట్టినారా? ప్రతి పనికీ ఒక గడప ఉంది, గడప దాటితే నంబరు మారుతుంది. నీ మిల్లులో మూడు పనులు జరుగుతున్నాయి కాబట్టి నీ ఇన్వాయిస్‌లో కనీసం రెండు నంబర్లుంటాయి, మూడు కూడా కావచ్చు. మూడోది ఎందుకు అనుమానంలో పెట్టినానో బట్టీ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తా.

ముందు నా సొంత తలనొప్పి ఒకటి విను. కర్నూలుకు తిరిగి రాకముందు నేను చెన్నై హార్బరులో ఒక ఏజెంటు దగ్గర పన్నెండేండ్లు గుమాస్తాను. కడప వైపు నుంచి, మంగంపేట ముగ్గురాయి పిండి వచ్చేది. ముగ్గురాయి అంటే బెరైటీస్, ప్రకృతిలో దొరికే బేరియం సల్ఫేట్. చమురు బావుల్లో డ్రిల్లింగ్ మడ్డికి బరువు కోసం వేస్తారు, పెయింట్లలో ఫిల్లర్‌గా కూడా పోతుంది. ఒకసారి కొన్నాయన “వైట్ పిగ్మెంట్” అని రాయమన్నాడు. పెయింట్ కంపెనీకి పోయే తెల్ల పొడే కదా అని నేను అట్లే టైపు కొట్టినా. పిగ్మెంట్ అన్న మాట చూసి ఆఫీసరు టారిఫ్‌లో 32వ అధ్యాయం తెరిచినాడు. నంబరులో మొదటి రెండంకెలు అధ్యాయం, నాలుగంకెలైతే శీర్షిక, ఆ తర్వాతి రెండు ఉపశీర్షిక. మా కాగితంలో ఉన్న నంబరేమో 2511, సహజ బెరైటీస్‌ది. మాటొకటి, నంబరొకటి. శాంపిల్ తీసినారు, లాబ్‌కు పంపినారు, కంటైనర్ యార్డులో కూర్చుంది, డెమరేజీ, అంటే ఆలస్యపు అద్దె, మీటరు తిరిగింది. చివరికి లాబ్ రిపోర్టు మా నంబరే సరి అన్నది. నంబరు సరిగ్గానే ఉండి కూడా ఒక్క మాట వల్ల సరుకు ఆగింది. ఆ నెల నా జీతంలో కోత పడింది, అది వేరే కథ.

ఆ తెల్ల పొడి సంగతి ఇంకొంచెం చెప్పాల, ఎందుకంటే నీ ఎర్ర పొడి లెక్క అర్థం కావడానికి అది పనికొస్తుంది. గనిలో తవ్వి పిండి పట్టిన బేరియం సల్ఫేట్ 2511. అదే బేరియం సల్ఫేట్‌ను ఫ్యాక్టరీలో రసాయన చర్యతో అవక్షేపంగా తయారు చేస్తే 2833. దాన్ని జింక్ సల్ఫైడ్‌తో కలిసి వచ్చేటట్టు చేస్తే లిథోపోన్, అది అసలైన తెల్ల పిగ్మెంట్, 3206. మూడింటినీ మూడు గిన్నెల్లో పోసి పెడితే మీ నాయన గాని నేను గాని కంటితో చూసి చెప్పలేం. 25వ అధ్యాయం గనుల ఇల్లు, 28 రసాయనాల ఇల్లు, 32 రంగుల ఇల్లు. నీ సరుకు ఈ మూడిండ్ల మధ్య సందులో ఉంది.

దుబాయ్ ఆయన 3207 సంగతి తొందరగా తేల్చేద్దాం. “ప్రిపేర్డ్ పిగ్మెంట్స్” అన్న మాట 3207 శీర్షికలో ఉన్నది నిజమే. అందుకే గూగుల్‌లో కొట్టినవాడికి ముందు అదే కనబడుతుంది. కాని ఆ వాక్యం చివరిదాకా చదవాల. సిరామిక్, ఎనామెల్, గాజు పరిశ్రమల్లో వాడే రకానివి అని ఉంటుంది. అంటే పింగాణీ మీద, గాజు మీద, ఇనుప గిన్నెల ఎనామెల్ మీద వేసి మళ్ళీ నిప్పులో పెట్టేవి. కోబాల్ట్, క్రోమియం, ఆంటిమొనీ లాంటి లోహాల ఆక్సైడ్‌లను, లవణాలను కలిపి ముందే వేడితో తయారు చేసిన పొడులు అవి. వస్తువుకు పూసినాక సాధారణంగా 300 డిగ్రీల సెల్సియస్ పైన కాలిస్తేనే రంగు కుదురుకుంటుంది. గ్లేజులు, గాజు ఫ్రిట్, లిక్విడ్ లస్టర్లు కూడా ఆ శీర్షికలోనే ఉంటాయి. నీ దుబాయ్ ఆయన గిరాకీలు సిమెంటు టైల్స్ వాళ్ళు. సిమెంటు టైల్ నీళ్ళతో గట్టిపడుతుంది, కొలిమి చూడదు. టైల్ అన్న మాట రెండిట్లోనూ ఉండడమే ఈ గందరగోళానికి మూలమని నా అనుమానం. బహుశా ఆయన ఇదివరకు గ్లేజు సరుకు తెప్పించి ఉంటాడు, పాత ఇన్వాయిస్ చూసి నీకు అదే చెప్పినాడు.

మన దగ్గర కుమ్మరులు కుండ ఆరినాక ఎర్రమన్ను నీళ్ళలో కలిపి పూసి, ఆ తర్వాత ఆవంలో పెడతారు కదా. ఆ పూతను టారిఫ్ భాషలో ఎంగోబ్ అంటారు. బంకమట్టి ఆధారంగా కొంచెం చిక్కగా తయారు చేసి, కాల్చే ముందు పూయడానికే అమ్మే సరుకైతే అది 3207 లోనే, 20వ ఉపశీర్షిక. కాబట్టి ఓకర్‌కు 3207తో చుట్టరికమే లేదని కాదు. రేపు నువ్వు ఏ పింగాణీ ఫ్యాక్టరీకో అట్లాంటి పూత తయారు చేసి అమ్మితే అప్పుడు ఆ తలుపు తట్టు. ఈ కంటైనర్‌లో మాత్రం అట్లాంటిదేదీ లేదు.

ఇక నీ మొదటి సరుకు, పసుపు పిండి. ఇది 2530, 90వ ఉపశీర్షిక. పక్క మిల్లు ఆయన చెప్పింది దీనికి సరిపోతుంది. 25వ అధ్యాయం మొదటి నోటు ముడి సరుకును, కడిగినదాన్ని, నలగ్గొట్టినదాన్ని, పిండి పట్టినదాన్ని, జల్లించినదాన్ని లోపల ఉంచుతుంది. కాల్చినదాన్ని, కలపగా వచ్చినదాన్ని బయటికి పంపుతుంది. అక్కడే ఆగిపోతే నీ బట్టీ సరుకు 25 లోంచి పోయిందని భయపడతావు. ఆగొద్దు, నాలుగో నోటు దాకా పో. మట్టి రంగులు, కాల్చినా కాల్చకపోయినా, ఒకదానితో ఒకటి కలిపినా కలపకపోయినా 2530 లోకే వస్తాయని అక్కడ పేరు పెట్టి రాసినారు. మొదటి నోటు కూడా “నాలుగో నోటు వేరుగా చెప్తే తప్ప” అని తనే దారి ఇచ్చింది. మన జాజుకు, ఎర్రమన్నుకు దొరికిన మినహాయింపు ఇది. పసుపు పిండి, ఎర్ర పిండి కలిపి నారింజ రంగు చేసినా సరే, రెండూ మట్టి రంగులే అయినంత వరకు 2530 లోనే ఉంటావు.

అయితే నీ ఏజెంటు గాలిలోంచి ఊడిపడి మాట్లాడటం లేదు. ఆయన బహుశా మన దేశపు టారిఫ్‌లో 3206 49 కింద చూసి ఉంటాడు. అక్కడ ఎనిమిది అంకెల వరుసల్లో రెడ్ ఆక్సైడ్ పక్కనే సాక్షాత్తూ “ఎల్లో ఓకర్” అని ఒక వరుస ఉంది, 3206 49 30. పేరు పెట్టి రాసి ఉంటే ఇంకేం కావాల అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పడిపోయినారు. కాని పుస్తకం తెరిచే పద్ధతి ఒకటుంది. ముందు నాలుగంకెల శీర్షిక ఏదో తేల్చుకోవాల, అది కూడా శీర్షిక మాటలను బట్టి, అధ్యాయం నోట్లను బట్టి. ఆ శీర్షిక లోపలికి పోయినాకే కింది వరుసలు చూడాల. టారిఫ్‌ను ఎట్లా చదవాలో చెప్పే అర్థవివరణ సూత్రాల్లో మొదటిదీ ఆరోదీ చెప్పేది ఇదే. ఇంట్లోకి పోకముందే మంచం ఎక్కడుందో వెతికితే ఎట్లా? సహజ ఓకర్‌ను 25వ అధ్యాయం నాలుగో నోటు ముందే పట్టుకుంది. కాబట్టి 3206 లో కనబడే ఆ ఎల్లో ఓకర్, ఓకర్ ఆధారంగా చేసిన తయారీలకు ఉద్దేశించిందని నేను చదువుతాను. ఇంకో మాట దాచకుండా చెప్తా. ఆ వరుస ఉన్నంత కాలం ఏదో ఒక ఆఫీసరు దాన్ని చూపించి వాదిస్తాడు. అందుకే చివర్లో ఒక కాగితం గురించి చెప్తా.

రెండో సరుకు దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో నాకు అసలు ఆసక్తి కలిగింది ఇక్కడే. కాల్చిన ఎర్ర పిండి కూడా మట్టి రంగే, కాల్చడం తప్పు కాదని నాలుగో నోటు చెప్పింది. కాని రెండో నోటులో ఒక తలుపు ఉంది. ఇనుము, ఫెర్రిక్ ఆక్సైడ్‌గా (ఇనుము ఆక్సిజన్‌తో కలిసిన రూపం) లెక్క కడితే, బరువులో 70 శాతం గాని అంతకన్నా ఎక్కువ గాని ఉన్న మట్టి రంగులు 25లో ఉండవు. అవి 28వ అధ్యాయానికి, 2821 శీర్షికకు పోతాయి. అందులో మట్టి రంగులకు 20వ ఉపశీర్షిక విడిగా ఉంది.

ఇప్పుడు బట్టీ ఏం చేస్తుందో చూడు. ఓకర్‌లో పసుపు రంగునిచ్చేది గీథైట్ అనే ఖనిజం. దాని నిర్మాణంలోనే నీరు బంధించి ఉంటుంది. సుమారు 250, 300 డిగ్రీల దగ్గర ఆ నీరు వదిలి హెమటైట్ అనే ఎర్ర ఖనిజం అవుతుంది, పసుపు పోయి ఎరుపు వస్తుంది. శుద్ధమైన గీథైట్ బరువులో దాదాపు 10 శాతం అట్లా ఆవిరైపోతుంది. ఇంకా వేడి చేస్తే ఓకర్‌లో ఉన్న బంకమట్టి కూడా తన నీటిని వదులుతుంది. ఇనుము మాత్రం ఎక్కడికీ పోదు. అంటే బట్టీలో నువ్వు ఇనుమేమీ కలపకుండానే దాని శాతం పెరుగుతుంది. లెక్క వేసి చూడు: పసుపు పిండి 100 కిలోల్లో ఫెర్రిక్ ఆక్సైడ్ లెక్కన 64 కిలోలు ఉందనుకో. కాల్చినాక 10 కిలోలు తగ్గి 90 కిలోలు మిగిలింది. 90లో 64 అంటే 71 శాతం. ఒకే గని రాయి, ఒకే మిల్లు, ఒకే వారం. పసుపు సంచి 2530, ఎర్ర సంచి 2821.

అందుకే మూడో నంబరు అనుమానమన్నాను. మీ రాయిలో ఇనుము తక్కువైతే కాల్చినా గడప దాటదు, రెండూ 2530 లోనే ఉంటాయి. 60లు దాటి ఉంటే జాగ్రత్త. ఇది కూర్చుని ఊహించే విషయం కాదు, లాబ్‌కు పంపు. పంపేటప్పుడు రెండు సంగతులు మరచిపోవద్దు. గని దగ్గరి రాయి ముక్క పంపితే లాభం లేదు, సంచిలోకి ఎక్కే సరుకులోంచి, కాల్చినదాన్ని విడిగా, కాల్చనిదాన్ని విడిగా నమూనా తీయించు. రెండోది, గనుల వైపు పనిచేసే లాబ్‌లు చాలాసార్లు ఇనుము శాతాన్ని లోహంగానే రాసిస్తాయి. దాన్ని ఫెర్రిక్ ఆక్సైడ్‌గా మార్చడానికి 1.43తో గుణించు. అంటే రిపోర్టులో ఇనుము 49 అని కనబడితే “ఇంకా చాలా దూరం ఉంది” అనుకోవద్దు, నువ్వు గడప మీద నిలబడి ఉన్నావు.

మూడో సరుకు, టైల్స్ రంగు. ఇక్కడ ఏజెంటు మాట సరి, 3206. ఎందుకో తెలిస్తే రేపు మిశ్రమం మార్చినప్పుడు నీకే పనికొస్తుంది. 32వ అధ్యాయం మూడో నోటు ఏమంటుందంటే, రంగు పదార్థాల ఆధారంగా చేసిన తయారీలు, ఏ వస్తువుకైనా రంగు వేయడానికో, రంగు తయారీల్లో దినుసుగా వాడడానికో పనికొచ్చేవి అయితే 3203 నుంచి 3206 వరకు శీర్షికల్లోకి వస్తాయి. 3206 విషయంలో 2530 మట్టి రంగులు, 28వ అధ్యాయపు పిగ్మెంట్లు ఆధారంగా ఉన్న తయారీలు కూడా అందులో కలుస్తాయని అదే నోటు చెప్తుంది. నీ మిశ్రమం అచ్చంగా అదే. ఇంకా చిత్రమేమంటే, ఆ చిటికెడు ఆర్గానిక్ పిగ్మెంట్ ఒక్కటే చాలు గడప దాటించడానికి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణల్లో, కొద్దిపాటి సేంద్రియ రంగుతో మెరుగు పెట్టిన మట్టి రంగులు 3206 లోకి, అట్లా మెరుగు పెట్టనివి సాధారణంగా 2530 లోకి అని విడదీసి రాసినారు. సింథటిక్ ఐరన్ ఆక్సైడ్ వేయకపోయినా, టన్నుకు కొన్ని కిలోల మెరుగు వేస్తే సరుకు ఇల్లు మారిపోతుంది. పక్క మిల్లు ఆయన “అంతా 2530” అనేది ఇక్కడ చెల్లదు. ఆయన కూడా మెరుగు వేస్తాడో లేదో నాకు తెలియదు, నువ్వూ అడగొద్దు, పక్కపక్క మిల్లులు.

ఈ మూడో సరుకే ఇంకే రూపంలో అమ్మినా మళ్ళీ లెక్క మారుతుంది. లిన్సీడ్ నూనెలాంటి నీళ్ళు కాని ద్రవంలో నూరి, పెయింట్ ఫ్యాక్టరీకి ముద్దగా అమ్మితే 3212. ఇండ్ల వాడకానికి చిన్న పొట్లాలు కట్టి, బొమ్మ వేసి అంగట్లో వేలాడదీసినా 3212 వైపే చూడాల. బళ్ళో పిల్లల రంగుల డబ్బా, చిత్రకారుల ట్యూబు అయితే 3213. తోలుబొమ్మల మీద వాడే రంగులకు 3210 వస్తుందా అని పోయినేడు అనంతపురం నుంచి ఒకాయన అడిగినాడు. 3210 లో తోలు అన్న మాట ఉంది కాని అది తోళ్ళ ఫ్యాక్టరీలో ఫినిషింగ్‌కు వాడే నీటి రంగుల గురించి. నిమ్మలకుంట బొమ్మకు ఆ శీర్షికతో పని లేదు. నీకైతే 25 కిలోల సంచుల్లో పొడి కాబట్టి ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు.

నంబర్లు తేలినాయి. ఇప్పుడు దుబాయ్ ఆయనకు ఏం చెప్పాల? ఆయన ఇవ్వబోయే డబ్బును చూసి మెత్తబడొద్దు, అట్లాగని “మీరు తప్పు” అని కూడా మెయిల్ పెట్టొద్దు. ఈ నంబర్లలో మొదటి ఆరంకెలు 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న హార్మొనైజ్డ్ సిస్టమ్‌వి, అక్కడా ఇక్కడా ఒకటే. మనం ఎనిమిది అంకెల దాకా పోతాం, వాళ్ళ తోక వాళ్ళది. కాబట్టి “మీ వైపు క్లియరెన్స్ చూసే బ్రోకరుకు ఈ లాబ్ రిపోర్టులు, తయారీ వివరం చూపించి మొదటి ఆరంకెలు సరిచూడమనండి” అని రాయి. లాబ్ కాగితం చూసినాక బ్రోకరే ఆయనకు నచ్చజెప్తాడు, నీకు మాట పోదు. 3207 ఎందుకు కావాలన్నారో కూడా ఒకసారి మర్యాదగా అడుగు. పాత అలవాటైతే పరవాలేదు. ఆ నంబరు మీద ఏదైనా పర్మిటో రాయితీనో ఉండి అడుగుతుంటే, అది ఆయన లాభం, నీ సంతకం.

రాయితీ అంటే గుర్తొచ్చింది. యూఏఈతో మన సీఈపీఏ అనే వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. ఆయన సుంకం తగ్గించుకోవడానికి నీ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, అంటే సరుకు ఏ దేశంలో పుట్టిందో చెప్పే కాగితం, అడుగుతాడు. పసుపు పిండికి ఇబ్బంది లేదు, మన నేలలో తవ్విన ఖనిజం పూర్తిగా మన సరుకు కిందే లెక్క. కాల్చినదీ మన రాయే. కలిపిన సరుకులో వేసే సింథటిక్ ఆక్సైడ్ ఎక్కడిది? అది దిగుమతి సరుకైతే “పూర్తిగా ఇక్కడే పుట్టింది” అని రాయడానికి లేదు, ఆ కోడ్‌కు ఒప్పందంలో పెట్టిన నియమం ప్రకారం లెక్క చూపాల. సర్టిఫికెట్ మీద నంబరు, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి కాగితం) మీద నంబరు, ఆయన అక్కడ వేసే నంబరు ఆరంకెల వరకు కలవకపోతే ఆ సర్టిఫికెట్ చిత్తుకాగితమే. ఆక్సైడ్ కొన్న బిల్లులు దాచిపెట్టు.

“ఎవరూ అడగరు” అన్న మాట గురించి. ఎగుమతి సరుకును రోజూ తెరవరు, అది నిజం. కాని 2011 నుంచి మన దగ్గర సెల్ఫ్ అసెస్‌మెంట్ పద్ధతి. కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం వర్గీకరణ చేసేది ఎగుమతిదారే, ఆఫీసరు సరిచూస్తాడు, అంతే. ఏజెంటు టైపు కొట్టినా బాధ్యత మిల్లుది. తెలిసి తెలిసి తప్పు వివరం ఇచ్చినట్టు తేలితే 114ఏఏ సెక్షన్ కింద సరుకు విలువకు ఐదింతల దాకా జరిమానా వేయొచ్చు. అంతదాకా పోదులే, భయపెట్టడానికి చెప్పడం లేదు. అసలు ప్రమాదం ఇంకా చిన్నది, ఇంకా దగ్గరిది: మీ జీఎస్టీ బిల్లులు. ఇన్నాళ్ళూ హైదరాబాదు వాళ్ళకు ఏ హెచ్.ఎస్.ఎన్. (జీఎస్టీ బిల్లులో వేసే ఇదే సరుకు నంబరు) వేసి అమ్మినారు? 2530కి, 3206కి పన్ను శ్లాబు ఒకటి కాదు. మెరుగు వేసిన రంగును ఇక్కడ 2530 అని తక్కువ పన్నుతో అమ్మి, అదే సంచిని రేవులో 3206 అని పంపితే రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే రోజులివి. బీకాం చదివినావు కదా, ఈ కంటైనర్ కన్నా ముందు ఆ పాత బిల్లుల ఫైలు తెరువు. తప్పుంటే మీ ఆడిటర్ దగ్గర కూర్చుని సరిదిద్దుకోండి. మీ నాయనకు కోపమొస్తుంది, ఇది నేను చెప్పినానని చెప్పు.

ఇన్వాయిస్ మీద రాసే మాటలు ఇట్లా ఉండనీ. పసుపు సరుకుకు “సహజ మట్టి రంగు, ఎల్లో ఓకర్, పిండి పట్టి జల్లించినది, కాల్చనిది, ఏమీ కలపనిది”, దాని పక్కన ఇనుము శాతం. ఎర్ర సరుకుకు “సహజ మట్టి రంగు, కాల్చినది”, మళ్ళీ ఇనుము శాతం. మూడోదానికి “మట్టి రంగు, ఐరన్ ఆక్సైడ్ ఆధారంగా చేసిన రంగు తయారీ, పొడి, సిమెంటు వస్తువులకు”. ఇవే మాటలు ఇంగ్లీషులో పెట్టు. “ప్రిపేర్డ్ పిగ్మెంట్” అన్న జంట మాట మూడింటిలో దేనికీ వాడొద్దు. నా ముగ్గురాయి కథ మరచిపోవద్దు. మూడు రకాలూ మూడు లాట్లుగా, సంచుల మీద వేరు వేరు గుర్తులతో ఎక్కించు. ప్యాకింగ్ లిస్టులో ఏ లాట్ ఎన్ని సంచులో విడిగా రాయి. రేవులో శాంపిల్ తీస్తే ఎర్ర సంచిలోంచి తీసి పసుపు వరుసతో పోల్చే పరిస్థితి రానీయొద్దు. ప్రతి లాట్‌కూ లాబ్ రిపోర్టు నకలు ఏజెంటు చేతిలో ముందే ఉండాల, అడిగినాక వెతకడం కాదు.

ఆ ఎల్లో ఓకర్ వరుస గురించి చెప్తానన్న కాగితం ఇదే. వ్యాపారం ఈ ఒక్క కంటైనర్‌తో ఆగకపోతే అడ్వాన్స్ రూలింగ్, అంటే సరుకు నంబరు ముందే తేల్చి చెప్పే తీర్పు, అడుగు. కస్టమ్స్ వాళ్ళకు దీనికోసం ప్రత్యేక అథారిటీలు ముంబైలో, ఢిల్లీలో ఉన్నాయి, 2021 నుంచి పనిచేస్తున్నాయి. సరుకు వివరం, తయారీ పద్ధతి, లాబ్ రిపోర్టు, నీ వాదన పెట్టి దరఖాస్తు చేస్తే మూడు నెలల్లో తీర్పు చెప్పాలని చట్టం అంటుంది. వచ్చిన తీర్పు నీకూ కస్టమ్స్‌కూ కట్టుబాటు. చట్టమో సరుకో మారనంత వరకు మూడేళ్ళు చెల్లుతుంది. ఇంకో మిల్లు ఆయన తెచ్చుకున్న తీర్పు నీకు చెల్లదు, నీది ఆయనకు చెల్లదు. మొదటి కంటైనర్ దానికోసం ఆపాల్సిన పని లేదు, పై మాటలతో, పై కాగితాలతో పంపించు. అది పోయినాక పసుపు పిండికి, కాల్చినదానికి మాత్రం అడుగు. మూడోదానికి అంత ఖర్చు దండగ, అందులో వాదించడానికి ఏమీ లేదు.

మీ నాయనకు ఒక పని చెప్పు. బట్టీలోకి పోయే పసుపు పిండిని, బయటికొచ్చే ఎర్ర పిండిని ఈ వారం నాలుగైదు విడతలు తూకం వేసి బరువు ఎంత తగ్గిందో ఒక నోటు పుస్తకంలో రాయమను. ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నాయన కాబట్టి కంటి చూపుతోనే చెప్తానంటాడు. ఈసారికి తూకమే కావాలను. ఆ పుస్తకం, రెండు లాబ్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడు. ఎర్ర సరుకులో ఫెర్రిక్ ఆక్సైడ్ 60 లోపు వస్తే ధైర్యంగా 2530 వెయ్యి, 75 దాటితే 2821. 60కీ 75కీ మధ్యలో వస్తే మాత్రం సంచులు కుట్టకముందే ఇంకో లాబ్‌లో కూడా చూపించి, రెండు కాగితాలూ నాకు పంపు.